వేరు మందు

హేమలతకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను అటు తిరిగేలోగా పిల్ల ఏదో ఒకటి నోట్లో పెట్టేసుకుంటుందని. పాములూ, ఘాట్‌రోడ్డు మీద మొగుడు నడిపే జీపూ, ఆ భయాలన్నీ దీని తరవాతే. రమ్యకి నడక వచ్చింది కానీ బుద్ధి రాలేదు. చేతికందిన ప్రతిదాన్నీ నోటితోనే చూస్తుంది. చెప్పు, బొగ్గు, చీపురుపుల్ల, ఏదైనా సరే.

అలాంటి పిల్లని పక్కన పెట్టుకుని విషపు ఆకుల మధ్య కూర్చోవడమేమిటని తనని తనే తిట్టుకుంటూ, ఆ మధ్యాహ్నం కూడా వాకిట్లో పీట వేసుకుని కొమ్మలు ముందేసుకుంది. పాత చున్నీ ఒక కొస పిల్ల నడుముకీ, ఇంకో కొస వసారా గుంజకీ కట్టింది. పిల్ల చేయి ఆకుల దాకా రాదని రెండుసార్లు లాగి చూసుకుంది.

అవి రోడోడెండ్రాన్ కొమ్మలు. ఆ పేరు మొత్తం పలికే ఓపిక ఆ వీధిలో ఎవరికీ లేదు. రోడో మొక్క అంటారంతే. ఆమె భర్త వరహాలరావు కొండవాలున ఉన్న రిసార్టులో జీపు నడుపుతాడు. అక్కడి పొదలు ఎర్రగా గుత్తులేస్తే అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు, ఈ మొక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పూలు రాలి, కొత్త కొమ్మ వేశాక తోటవాళ్ళు పొదల్ని కత్తిరిస్తారు. ఆ పారేసిన కొమ్మలే గోనెసంచిలో ఇంటికొస్తాయి. వేరు పట్టిన మొక్కలు కొంటానన్న నర్సరీ ప్రేమ్‌కుమార్ ముందే చెప్పాడు. "ఇది మందారం లాంటిది కాదమ్మా, గుచ్చగానే పట్టదు. ఆకు మాత్రం పిల్ల నోటికి పోనివ్వకండి. మేక తిన్నా నురగ కక్కుతుంది."

ఆ రెండో మాట విన్నాక మానేద్దామనుకుంది. కానీ తొమ్మిదో తరగతిలో బడి మానేశాక తన చేతులతో మొదలుపెట్టి చివరిదాకా చేసిన పనంటూ ఇదొక్కటే. మానలేకపోయింది.

కొమ్మని రెండు వేళ్ళ మధ్య వంచి చూసింది. పుటుక్కుమంటే ముదురు, వేలాడిపోతే లేత. రెండూ కానిదాన్ని తీసుకుని కణుపు కింద బ్లేడుతో ఏటవాలుగా కోసింది. కింది ఆకులు తుంచేసింది. పైన మిగిలినవాటిని సగానికి కత్తిరించింది, నీళ్ళు ఎక్కువ తాగకుండా. కొసన పూమొగ్గ ఉంటే గోటితో గిల్లేసింది. కొమ్మకి ఒక పక్క గోరంత మేర తోలు గీకింది. గాయం చేస్తేనే అక్కణ్ణించి వేరొస్తుంది. గీకిన చోటు తడిపి, వేరు రావడానికి నర్సరీలో ఇచ్చిన తెల్లపొడిలో ముంచి, డబ్బా అంచుకి తట్టి, పైన్ చెట్ల కింద నుంచి ఎత్తుకొచ్చిన నల్లమట్టీ కొబ్బరిపొట్టూ కలిపిన డబ్బాలో ముందు పుల్లతో బొక్క పెట్టి ఆ బొక్కలో దించింది. నేరుగా గుచ్చితే పొడి పైనే రాలిపోతుంది. అంతా అయ్యాక పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేయాలి.

తెల్లపొడి పొట్లం చిరిగిపోవడంతో, దాన్నీ, కొమ్మ కుళ్ళకుండా వేసే బూజు పొడినీ కలిపి ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసుకుంది. పని అయ్యాక ఆ డబ్బా ఎక్కడ దాచాలన్నదే రోజూ పెద్ద గొడవ. వంటగదిలో వద్దు, మంచం కింద వద్దు. ఇంట్లో పిల్లకి అందనిది ఒక్కటే చోటు, అత్త రత్నాలు మాత్రలు పెట్టుకునే పైబల్ల.

మునివేళ్ళ మీద నిలబడి డబ్బాని లోపలికి తోస్తుంటే వెనక నుంచి రత్నాలు గొంతు వినిపించింది.

"ఆ పైనేటే పెడతన్నావు?"

"వేరు మందత్తా. గుంటకి అందకూడదని."

పళ్ళ మధ్య రబ్బరు బ్యాండు ఉంది. మాట సగం ముక్కులోంచే వచ్చింది. అంతకంటే వివరం చెప్పలేదు. రత్నాలు కూడా అడగలేదు. పైబల్ల వైపు ఒకసారి, కోడలి వీపు వైపు ఒకసారి చూసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

*

మర్నాడు పొద్దున్న హేమలత లేచేసరికి పొయ్యి మీద టీ మరుగుతోంది.

రత్నాలు టీ పెట్టడం ఆ ఇంట్లో పండగలకి కూడా జరగని పని. "పొద్దెక్కినా లెగవు, ఆ పుల్లలకున్న పాటి సాకిరీ నాకుండదు" అంటూ మొదలయ్యే నోరు ఆ రోజు మొదలవలేదు. గ్లాసు కోడలి ముందుకి తోసి, "తాగు, సల్లారిపోద్ది" అంది.

మధ్యాహ్నం పిల్లని చంకనేసుకుని, "నువ్వు నీ పుల్లల పని సూసుకో, గుంటని నాను సూత్తాను" అంది. ఆ తరవాత రోజు కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుని కోడలి వెనక కూర్చుని తలకి రాసింది. చిక్కు తీస్తూ లాగిన చోట వేలితో నిమిరింది. హేమలత మెడ బిగించుకుని కూర్చుంది. ఏదో తప్పు బయటపడబోతోందని, అందుకే ముందుగా ఈ నూనె అని అనుకుంది.

"నోటితో సెప్పవు గానీ, నీకు అందరి మీదా ద్యాస ఉంటాదే అమ్మా" అంది రత్నాలు, ఉన్నట్టుండి.

అమ్మా అన్న మాటకి హేమలతకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకన్నదో అర్థం కాలేదు.

ఇంకో వింత కూడా జరిగింది. రత్నాలు మోకాళ్ళకి శుక్రవారం సంతలో బుద్రి దగ్గర వేర్లు కొనుక్కుని నూరుకుని తాగేది. బుద్రి పైకొండ మీది ఊరి మనిషి. సంతలో చేపల వరస దాటాక నీలం గుడ్డ పరిచి వేర్లూ బెరళ్ళూ పెట్టుకుంటుంది. అవి మానేయమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ వరహాలరావు కొననివ్వడం లేదు. తెచ్చిపెట్టమని కొడుకుని రోజూ సాధించే రత్నాలు, ఇప్పుడా ఊసే ఎత్తడం మానేసింది. పైపెచ్చు, "నొప్పి కొంచెం నయంగానే ఉన్నాదిరా" అంది.

పక్క వాటాలో ఉండే సత్యకుమారి ఇదంతా గోడ మీంచి చూస్తూనే ఉంది. అత్తా కోడళ్ళిద్దరూ ఒకే పీట దగ్గర కూర్చుని, ఒకరు ఆకులు తుంచుతుంటే ఒకరు కవర్లు ఊది అందిస్తుంటే ఆగలేకపోయింది.

"ఏటే హేమా, మీ అత్తకి మందు పెట్టీసినావేటి?"

"పెడితే పెట్టిందిలే, నీకు పెట్టేవోల్లు లేరని ఏడుపా?" అంది రత్నాలు. ముగ్గురూ నవ్వారు. అందరికంటే ఎక్కువ రత్నాలే నవ్వింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. కాసేపటికి కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"ఏటైందత్తా?"

"ఏట్లేదు. మంటగా ఉన్నాది. నిన్నటి పులుసు పడనట్టున్నాది."

*

శుక్రవారం పొద్దున్న రత్నాలు పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ కనిపించింది. నోరు కడుక్కోవడానికి వంగినది వంగినట్టే ఒరిగిపోయింది. హేమలత కేక విని వరహాలరావు పరిగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా చల్లటి చెమట. ఇద్దరూ మోసుకుని జీపులో పడుకోబెట్టారు.

ఆస్పత్రిలో సెలైను పెట్టారు. డాక్టరమ్మ వయసులో చిన్నది. రత్నాలు చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది. "ఏం తిన్నావు పెద్దమ్మా? కొత్తగా ఏమైనా తిన్నావా?"

రత్నాలు పెదాలు కదిలాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి.

"వేరుమందు" అంది. "తేనెలో."

ఇంకేదో అనబోయేసరికి మళ్ళీ వాంతి వచ్చింది. తరవాత మాట లేదు.

వరహాలరావు మొహం నల్లబడింది. "బుద్రి! వద్దని ఎన్నిసార్లు సెప్పాను!"

"ఏ వేరో తెలిస్తే మంచిది. దొరికితే తీసుకురండి" అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఆవిడ వేసుకునే మాత్రలేవో అవి కూడా పట్టుకురండి."

మాత్రల కోసం హేమలతా, వేరు కోసం వరహాలరావూ ఒకే జీపెక్కారు. సంత దారిలోనే ఉంది. అల్లం బస్తాల మధ్య జీపు ఆపి అతను దూకాడు. ఇంటి ఓనరు ధనరాజుకి అక్కడే కిరాణా కొట్టు. వరహాలరావు మొహం చూసి ఏమైందని అడిగి, విని, కొట్టు నౌకరుకి అప్పజెప్పి అతనూ వెంట నడిచాడు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు చేరారు.

పిల్లని ఒళ్ళో పెట్టుకుని హేమలత జీపులోంచి చూస్తోంది. బుద్రి నీలం గుడ్డ ముందు గొంతుకూర్చుని ఉంది. సన్నటి మనిషి, తెల్లజుట్టు, ముక్కుకి మూడు పుడకలు. మీద పడ్డ నీడలకి తలెత్తింది.

"మా అమ్మకేటి ఇచ్చినావు?"

"నాను ఇవ్వలేదు బాబు. ముసిలమ్మ రానేదు. వానల ముందు నుంచీ రానేదు."

"రాకుండానే కడుపులోకి ఎగిరెల్లిపోనాదేటి నీ వేరు?" అన్నాడు ధనరాజు. జనం నవ్వారు. ఆ నవ్వు అయ్యేలోగానే అతని కాలు నీలం గుడ్డ కిందికి వెళ్ళి పైకి లేచింది. వేర్లు చేపల నీళ్ళలో పడ్డాయి. ఎవరో వాటి మీంచే నడిచి వెళ్ళారు.

బుద్రి నలుగురి కాళ్ళ సందుల్లోంచి జీపు వైపు చూసింది. హేమలత చాలాసార్లు అత్తతో ఆమె దగ్గరికి వచ్చింది. పిల్ల కడుపులో ఉన్నప్పుడు, దిష్టి తగులుద్ది ఎండలో నిలబడకమ్మా అని బుద్రి తన గొడుగు కింద చోటిచ్చింది కూడా.

"అమ్మా, నువ్వు సెప్పు. మీ అత్త నా కాడికి వచ్చినాదా?"

అందరూ జీపు వైపు తిరిగారు. హేమలత చేతులు పిల్ల చుట్టూ బిగిశాయి. ఆస్పత్రి మంచం మీద రత్నాలు చల్లటి పాదాలు కళ్ళ ముందున్నాయి. తల నిమిరిన వేళ్ళు, అమ్మా అన్న మాట గుర్తొచ్చాయి.

"వచ్చే ఉంటాది" అంది. "మాకు తెలీకుండా వచ్చే ఉంటాది. నువ్వే ఇచ్చుంటావు."

ఆ మాటతో పని అయిపోయింది. ఈ సంతలో మళ్ళీ కనిపించావంటే బాగుండదని ధనరాజు అన్నాడు. వరహాలరావు తడిసిన నాలుగు వేర్లు ఏరి రుమాల్లో చుట్టుకున్నాడు. బుద్రి నీలం గుడ్డ దులిపి, మడిచి, ఖాళీ బుట్టలో వేసి, బుట్ట నెత్తిన పెట్టుకుని చేపల వరస వెంట వెళ్ళిపోయింది. గొడుగు అక్కడే ఉండిపోయింది.

*

హేమలతని ఇంటి దగ్గర దింపి, ముందు వేర్లు చూపించి, మాత్రల కోసం మళ్ళీ వస్తానని వరహాలరావు ఆస్పత్రికి వెళ్ళిపోయాడు.

పిల్లని గుంజకి కట్టి ఆమె పైబల్ల మీదికి చేయి చాచింది. మాత్రల అట్ట తగిలింది. దాని పక్కన ఉండకూడనిది ఏదో జిగటగా తగిలింది. కిందికి తీసింది. తేనె సీసా. వంటింట్లో ఉండాల్సింది ఇక్కడికెందుకొచ్చింది? సీసా వెనకే స్టీలు డబ్బా చేతికి దొరికింది. ఎత్తింది. మరీ తేలిగ్గా ఉంది.

మూత తీసింది. అడుగు కనిపిస్తోంది. గీకి తీసిన చెంచా గీతలు, అంచుకి ఎండిన తేనె, దానికంటుకున్న కాస్త తెల్లపొడి.

మొదట పిల్ల దగ్గరికే పరిగెత్తింది. నోరు తెరిచి, నాలుక కింద వేలు పెట్టి వెతికింది. రమ్య కెవ్వుమని ఏడ్చి వేలు కొరికింది. నోట్లో ఏమీ లేదు. ఉండదు కూడా. పిల్లకి అందనంత ఎత్తులో తనే పెట్టింది కదా. పెద్దవాళ్ళకి అందే ఎత్తులో, మాత్రల పక్కన, పేరు కూడా చెప్పి మరీ పెట్టింది.

వేరు మందత్తా.

నిలబడ్డ చోటే కూర్చుండిపోయింది. టీ గ్లాసు, కొబ్బరినూనె, నోటితో సెప్పవు గానీ అన్న మాట, మందు పెట్టీసినావేటి అన్న నవ్వు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు ఎక్కడో పక్కింట్లోది అన్నట్టుగా వినిపించింది.

ఎలా లేచిందో తెలీదు. చిరిగిన పొట్లం, బూజు పొడి కవరు, స్టీలు డబ్బా కొంగులో మూటకట్టుకుని, పిల్లని చంకనేసుకుని, దొరికిన ఆటో ఎక్కింది. ఆస్పత్రిలో వరహాలరావు రుమాలు విప్పి వేర్లు చూపిస్తున్నాడు. డాక్టరమ్మ వాటిని పెన్నుతో కదుపుతోంది.

"అవి కాదు డాక్టరుగారూ" అంది హేమలత. "ఇది. ఇది మనుషుల మందు కాదండి. కొమ్మకి వేర్లు రావడానికి పెట్టే మందు. వేరు మందంటే ఆవిడ... నేనే పెట్టానండి, పైన. పిల్లకి అందకూడదని."

డాక్టరమ్మ కవరు లాక్కున్నట్టే తీసుకుంది. వెనక ఉన్న అక్షరాలు చదివి, ఎవరికో ఫోన్ చేసింది. ఎంత పొడి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. హేమలత తెలిసినంత చెప్పింది. నర్సు పరుగున వచ్చి సెలైనులో ఇంకేదో ఎక్కించింది. "చెప్పావు కాబట్టి సరిపోయింది. ఇంకా ఆ వేర్లు పట్టుకునే కూర్చునేవాళ్ళం" అంది డాక్టరమ్మ.

వరహాలరావు రుమాలు మడిచాడు. మడతలు సరిగ్గా రాలేదు, మళ్ళీ విప్పి మడిచాడు. భార్యని వరండాలోకి పిలిచాడు. తిడతాడనుకుంది, కొడతాడేమో అనుకుంది. అతను స్తంభానికి ఆనుకుని నేలకేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఈ మాట ఇక్కడితో ఆపీయ్. బయటెక్కడా అనకు."

"మరి బుద్రి, మావా?"

"బుద్రికేటి? నాలుగు వేర్లే కదా పోనాయి. కొండంతా వేర్లే."

*

రత్నాలు బతికింది. తిన్నదేమిటో డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు గంజి తప్ప ఇంకేదీ పట్టలేదు. వసారాలో చాప మీద కూర్చుని, కోడలు కొమ్మల డబ్బాలు ముందేసుకోవడం చూస్తూ ఉండేది. హేమలత ముందుగా గుచ్చిన వరస కవర్లు విప్పి, ఒక్కో కొమ్మనీ రెండు వేళ్ళతో పైకి లాగి చూస్తోంది. వచ్చేస్తే కుళ్ళినట్టు. లోపల్నించి ఎవరో పట్టుకున్నట్టుంటే వేరు పట్టినట్టు.

"పట్టినాదా?" అని అడిగింది రత్నాలు.

"ఇదొకటి పట్టుకున్నాదత్తా."

రత్నాలు ఎవరితోనూ కాదన్నట్టు, చేతిలోని గంజి గ్లాసుకేసి చూస్తూ అంది.

"అయితే అది నా కోసం తెచ్చింది కాదన్నమాట."

హేమలత వేళ్ళు కొమ్మ మీదే ఆగిపోయాయి.

"నోట్లో రబ్బరు పెట్టుకుని గొణిగినావు. నా కొడుక్కి తెలీకుండా తెచ్చి, సెప్పడానికి సిగ్గుపడతన్నావనుకున్నాను. అడిగితే నీకు సిన్నతనమని అడగనేదు." ఆమె నవ్వబోయింది, రాలేదు. "సేదుగా ఉన్నాది. అయినా తిన్నాను. నువ్వు తెచ్చినావు కదాని."

తిట్టుంటే బాగుండేది. హేమలత డబ్బా పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. సంతలో జరిగింది మొత్తం చెప్పింది. ధనరాజు కాలు, చేపల నీళ్ళు, బుద్రి అడిగిన ప్రశ్న, దానికి తనన్న మాట.

రత్నాలు గ్లాసు కింద పెట్టింది.

"అదేటే! నాను దాని కాడికి ఎల్లనేదు కదే! నువ్వు సూసినావా, నాను ఎల్లడం?"

"లేదత్తా."

"మరెలాగన్నావే?"

రమ్య చున్నీ కొస నములుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

తరవాతి సంతకి రత్నాలు నడవలేని కాళ్ళతో బయల్దేరింది. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి కోడలి భుజం మీద. వరహాలరావు జీపు తీయనన్నాడు. ఆటో ఎక్కారు. చేపల వరస దాటాక నీలం గుడ్డ ఉండాల్సిన చోట ఎవరో టమాటాలు పోసుకున్నాడు. పక్కన అల్లం అమ్మే ఆవిడ్ని అడిగితే, ఆ రోజు తరవాత రాలేదంది. ఒంట్లో బాగోలేదని ఒకరన్నారట, పెదబయలు సంతకి మారిందని ఇంకొకరన్నారట. ఊరి పేరు అడిగితే, పైనెక్కడో, రోడ్డు లేదంది.

రత్నాలు ఆ టమాటాల పక్కనే నిలబడిపోయింది. తరవాత కర్ర ఊనుకుంటూ ధనరాజు కొట్టు ముందుకు వెళ్ళి, సంతలో బేరానికి అరిచినంత గట్టిగా అంది.

"బుద్రి నాకేటీ ఇవ్వనేదు. ఇంటన్నార్రా? మా ఇంట్లో డబ్బా నానే తీసుకు తిన్నాను. ఎవులూ పెట్టనేదు."

ధనరాజు తూకంలోంచి కళ్ళెత్తాడు. "బతికినావు కదా మామ్మా. ఇంకెందుకిప్పుడు?" అని పప్పు పొట్లం కట్టసాగాడు. కొనుక్కునేవాళ్ళు ఇద్దరు ఆగారు, చూశారు, వెళ్ళిపోయారు. హేమలత ముందుకొచ్చి నేనే అబద్ధం చెప్పానని అనబోయింది. అత్త చెయ్యి భుజం మీద గట్టిగా నొక్కింది, వద్దన్నట్టో, అనమన్నట్టో తెలియలేదు. అయినా అంది. పప్పు తూగుతూనే ఉంది.

ఆ తరవాత వచ్చిన సంతలకి కూడా ఇద్దరూ వెళ్ళారు. బుద్రి రాలేదు.

ఇది చదివినవాళ్ళలో అరకు వైపు వెళ్ళేవాళ్ళుంటారు. పెదబయలు సంతకో, ఇంకా పైకో వెళ్ళేవాళ్ళూ ఉంటారు. నీలం గుడ్డ పరుచుకుని, తెల్లజుట్టుతో, ముక్కుకి మూడు పుడకలున్న సన్నటి మనిషి ఎక్కడైనా కనిపిస్తే కాస్త ఆగండి. ఏమీ కొనక్కర్లేదు. పేరు బుద్రేనా అని అడిగి, ఒంట్లో ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.